బంగారు సూది నుంచి ఇనుము లెక్క దాకా

కీళ్లవాతానికి ఇవాళ డాక్టర్లు వాడుతున్న పేరు పుట్టకముందే దాని వైద్యంలోకి లోహాలు వచ్చేశాయి. మన రసవైద్యులు తామ్రభస్మం, లోహభస్మం, స్వర్ణభస్మం తయారుచేశారు. కీళ్లవాతాన్ని పోలిన ఆమవాతాన్ని మాధవ నిదానం విడిగా వర్ణించింది. కొట్టూరు బసవరాజు సంస్కృతమూ తెలుగూ కలిపి కూర్చిన బసవరాజీయం తెలుగునాట వైద్యుల ఇళ్లలో తరతరాలుగా నిలిచింది. రసౌషధాలకు అందులో పెద్దపీట. ముంజేతికి రాగి కడియం, వేలికి రాగి ఉంగరం, రాత్రి రాగిచెంబులో పోసి పొద్దున్నే తాగే నీళ్లు ఇప్పటికీ మన ఇళ్లలో ఉన్నవే. లోహానికీ కీలుకీ ఏదో సంబంధం ఉందన్న నమ్మకం ఎప్పటిదో చెప్పడం కష్టం.

ఇరవయ్యో శతాబ్దంలో ఆ నమ్మకం ప్రయోగశాలకు ఎక్కింది. కీళ్లవాతం ఉన్నవారి రక్తం తీసి చూస్తే ఇనుము తగ్గి ఉంది, జింక్ తగ్గి ఉంది, రాగి పెరిగి ఉంది. చాలామందిలో సెలీనియం కూడా తక్కువే. తగ్గినదాన్ని ఇవ్వాలి, పెరిగినదాన్ని తీసెయ్యాలి అనిపించడం సహజం. ఆ లెక్క మీదే మాత్రలిచ్చారు, సూదులు వేశారు, లోహాన్ని ఒంట్లోంచి లాగేసే మందులూ ఇచ్చారు. కొన్ని పనిచేశాయి. పనిచేసినవి కూడా అనుకున్న కారణం వల్ల పనిచేయలేదు. రక్తంలోని ఆ అంకెలు చాలావరకు జబ్బు వేసిన ముద్రలేనని, జబ్బుకు మూలాలు కావని పూర్తిగా తేలడానికి అరవై ఏళ్ల పైనే పట్టింది.

ఈ పొరపాటుకు ఒక పెద్ద విజయమే దారి తీసిందని నేననుకుంటాను. 1800లో పారిస్‌లోని సాల్‌పెత్రియేర్ ఆసుపత్రిలో ఓగుస్తాఁ లాంద్రే-బోవే అనే యువ వైద్యుడు తన సిద్ధాంత వ్యాసంలో తొమ్మిది మంది స్త్రీల గురించి రాశాడు. వాళ్ల కీళ్లు వాచి, వంకర్లు తిరిగాయి. అప్పటిదాకా కీళ్ల జబ్బంటే బాగా తినే మగవాళ్లకు వచ్చే గౌటే. ఇది పేదింటి ఆడవాళ్లకు వస్తోంది, దారి వేరుగా ఉంది. తర్వాత లండన్‌లో ఆల్‌ఫ్రెడ్ బేరింగ్ గారాడ్, గౌటు ఉన్నవారి రక్తంలో యూరిక్ ఆమ్లం పెరుగుతుందని నిరూపించి రెండు జబ్బులనూ విడదీశాడు. 1859లో రెండోదానికి, అంటే మన కీళ్లవాతానికి, రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని పేరు పెట్టాడు. గౌటు కథ అంత తేటగా తేలింది: రక్తంలో ఒక పదార్థం పెరుగుతుంది, కీలులో పేరుకుంటుంది, అదే నొప్పి. కీళ్లవాతానికి కూడా అలాంటి ఒక్క పదార్థం ఎక్కడో ఉండి తీరాలన్న ఆశ అప్పుడు మొదలైంది. ఆ తర్వాత ఏ లోహం అంకె మారినా, ఇదేనేమో అనుకుంటూ వచ్చారు.

అయితే మొట్టమొదట గెలిచిన లోహం ఒంట్లో ఉండే లోహమే కాదు.

1890 ఆగస్టులో బెర్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ వైద్య మహాసభలో రాబర్ట్ కోఖ్, బంగారు సైనైడ్ చాలా పలచని మోతాదులోనే గాజుపాత్రలో క్షయ క్రిమిని ఎదగనివ్వడం లేదని చెప్పాడు. క్షయకు మందే లేని రోజులవి. 1924లో డెన్మార్క్‌లో హోల్గర్ మోల్‌గార్డ్ సానోక్రైసిన్ అనే బంగారు లవణాన్ని తెచ్చాడు. ఐరోపా అంతటా క్షయరోగులకు బంగారం ఎక్కించారు. 1927లో జర్మనీలో కార్ల్ లాండే వేరే జబ్బులకు బంగారు సూదులు వేస్తుంటే కొందరికి కీళ్లనొప్పులు తగ్గడం గమనించాడు. ఫ్రాన్స్‌లో ఎక్స్-లె-బేన్ అనే వేడినీటి బుగ్గల ఊరిలో కీళ్లరోగులను చూసే జాక్ ఫోరెస్టియే, కీళ్లవాతం కూడా క్షయకు చుట్టమే అని నమ్మి, 1929లో తన రోగులకు బంగారు లవణాలిచ్చిన ఫలితాలు ప్రకటించాడు. చాలామందికి వాపులు తగ్గాయి. కీళ్లవాతానికీ క్షయ క్రిమికీ సంబంధం లేదు. నమ్మిన కారణం తప్పు, చేతికొచ్చిన ఫలితం నిజం.

అది నిజమని ఎలా తెలిసిందన్నదే ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువైన భాగం. 1931లో ప్రచురితమైన ఒక పరీక్షలో, అమెరికాలోని డెట్రాయిట్ దగ్గర ఒక శానటోరియంలో జె. బర్న్స్ ఆంబర్సన్, ఆయన సహచరులు 24 మంది క్షయరోగులను రెండు సమాన జట్లుగా విడదీశారు. ఏ జట్టుకు బంగారం ఇవ్వాలో నాణెం ఎగరేసి తేల్చారు. రెండో జట్టుకు ఉత్త నీళ్ల సూది. ఎవరికి ఏది పడుతోందో రోగులకు చెప్పలేదు. బంగారం క్షయను తగ్గించలేదని, పైగా హాని చేసిందని బయటపడింది. వైద్యచరిత్రలో అలా నాణెం ఎగరేసి నిజం రాబట్టిన తొలి పరీక్షల్లో అది ఒకటి. క్షయలో బంగారం పని అక్కడితో అయిపోయింది. కీళ్లవాతంలో మాత్రం అదే రకం పరీక్షకు నిలబడింది. 1945లో గ్లాస్గోలో థామస్ ఫ్రేజర్ చేసిన పరీక్ష, 1960, 61లలో బ్రిటన్‌లోని ఎంపైర్ రుమాటిజం కౌన్సిల్ సుమారు 200 మందితో చేసిన పరీక్ష ఆ సంగతి చెప్పాయి.

బంగారు సూది వైద్యం రోగికీ డాక్టరుకీ ఓపికకు పరీక్ష. మొదట 10 మిల్లీగ్రాములు వేసి చూస్తారు. తట్టుకుంటే వారానికి 50 మిల్లీగ్రాముల చొప్పున, మొత్తం ఒక గ్రాము అయ్యేదాకా. గుణం కనిపించడానికి మూడు నాలుగు నెలలు. ఈలోగా ఒళ్లంతా దద్దుర్లు రావచ్చు, నోరు పొక్కవచ్చు, మూత్రంలో ప్రొటీన్ పోవచ్చు, రక్తకణాలు పడిపోవచ్చు. ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే ప్రతి సూదికీ ముందు మూత్రం, రక్తం చూడాల్సి వచ్చేది. ఏళ్ల తరబడి వాడిన కొందరి చర్మం నీలి బూడిద రంగుకు తిరిగింది. అయినా వేళ్లు ముడుచుకుపోతున్న మనిషికి అప్పట్లో అంతకన్నా గట్టి ఆసరా లేదు. 1948లో అమెరికాలోని మాయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కార్టిసోన్ ఇచ్చి మంచం పట్టినవారిని రోజుల్లో నడిపించాడు. 1950లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ మందు ఆపగానే జబ్బు తిరగబడుతుందని, ఆపకపోతే ఒళ్లు చెడుతుందని త్వరలోనే తెలిసింది. డాక్టర్లు మళ్లీ బంగారం వైపు తిరిగారు.

ఇక ఒంట్లో ఉండే లోహాల సంగతి. మనిషి శరీరంలో ఇనుము మూడు నాలుగు గ్రాములు, జింక్ రెండు గ్రాములు, రాగి మొత్తం పోగేసినా దాదాపు పదో వంతు గ్రాము. ఈ కొద్దిపాటి రాగి చుట్టూ అల్లుకున్నంత ఆశ మరే ఖనిజం చుట్టూ అల్లుకోలేదు.

1941లో జర్మనీలో లుడ్విగ్ హైల్‌మాయర్ బృందం ఒక పుస్తకం వేసింది. జబ్బు చేసి జ్వరం వచ్చినప్పుడు రక్తంలో ఇనుము దిగుతుంది, రాగి ఎక్కుతుంది అని వాళ్లు ఓపికగా కొలిచి చూపించారు. ఏ అంటువ్యాధి అయినా ఇదే తీరు. కీళ్లవాతమైనా ఇదే తీరు. ఒక్కో జబ్బుకూ ఒక్కో లోహం చెడటం లేదు, ఏ మంట పుట్టినా శరీరం ఒకే రకంగా లోహాలను సర్దుతోంది అన్న సూచన అందులో ఉంది. 1948లో స్వీడన్‌లో హోల్మ్‌బర్గ్, లారెల్ అనే ఇద్దరు రక్తద్రవంలోని రాగిని మోసే నీలి రంగు ప్రొటీన్ సెరులోప్లాస్మిన్‌ను వేరుచేశారు. రక్తద్రవంలోని రాగిలో నూటికి తొంభై వంతులకు పైగా దీనిలోనే ఉంటుంది. ఒంట్లో ఆ మంట, అంటే ఇన్‌ఫ్లమేషన్, రగిలితే కాలేయం దీన్ని ఎక్కువగా తయారుచేస్తుంది. గర్భిణుల్లోనూ, గర్భనిరోధక మాత్రలు వాడేవారిలోనూ ఇది పెరుగుతుంది. అంటే రక్తంలో రాగి పెరిగిందంటే ఒంట్లో రాగి ఎక్కువైందని అర్థం కాదు. దాన్ని మోసే ప్రొటీన్ ఎక్కువ తయారవుతోందని మాత్రమే. 1948 నాటికే సూచన దొరికిన ఈ జవాబును చాలాకాలం ఎవరూ కీళ్లవాతానికి గట్టిగా అన్వయించలేదు.

పైగా రెండు ఎదురెదురు దారులు తెరుచుకున్నాయి. ఫిన్లాండ్ రాగి గనుల్లో పనిచేసేవారికి కీళ్లజబ్బులు అరుదని చెప్పుకునేవారు. ఆ మాట పట్టుకుని జర్మనీలో వెర్నర్ హంగార్టర్ 1950 నుంచి ఇరవై ఏళ్లపాటు రోగులకు రాగి, సాలిసిలేట్ కలిపిన మందును నరంలోకి ఎక్కించాడు. వెయ్యిమందికి పైగా వాడాడు, మంచి ఫలితాలు చెప్పాడు. కానీ పోల్చి చూడటానికి ఉత్త మందు పుచ్చుకున్న జట్టు లేదు. 1976లో అమెరికాలో జాన్ సోరెన్‌సన్, ఆస్పిరిన్‌ను రాగితో కలిపితే ఎలుకల్లో వాపు మామూలు ఆస్పిరిన్ కన్నా బాగా తగ్గుతోందని చూపించి, కీళ్లవాతం మందులన్నీ ఒంట్లోని రాగితో కలిసే పనిచేస్తున్నాయేమో అన్నాడు.

అదే కాలంలో మరో వైపు రాగిని లాగేసే మందు విజయం సాధించింది. ఇంగ్లీషు వైద్యుడు జాన్ వాల్ష్, పెనిసిలిన్ నుంచి వచ్చే పెనిసిలమైన్ అనే పదార్థం రాగిని పట్టుకుని మూత్రంలో బయటకు తెస్తుందని గ్రహించాడు. రాగి పేరుకుని కాలేయాన్నీ మెదడునూ చంపే విల్సన్ జబ్బుకు 1956లో అది మందైంది. న్యూయార్క్‌లో ఇజ్రేలీ జాఫె దాన్ని 1960లలో కీళ్లవాతానికి ఇచ్చాడు. ఆయన దృష్టి రాగి మీద లేదు. రుమటాయిడ్ ఫ్యాక్టర్ అనే పెద్ద యాంటీబాడీని కలిపి ఉంచే గంధకపు బంధాలను తెంచాలన్నది ఆయన ఆలోచన. 1973లో బ్రిటన్‌లో చేసిన పరీక్షలో పెనిసిలమైన్ పనిచేస్తుందని తేలింది. నోటి రుచి పోవడం, మూత్రపిండాలు దెబ్బతినడం వంటి బాధలున్నా ఇరవై ఏళ్లు వాడారు. రాగి ఇస్తే తగ్గుతుందని ఒకరు, రాగిని తీసేస్తే తగ్గుతుందని మరొకరు ఒకే దశాబ్దంలో చెబుతున్నప్పుడు అసలు ప్రశ్నలోనే ఏదో తేడా ఉందని ఆగి ఆలోచించాల్సింది. ఆగినవాళ్లు తక్కువ.

రాగికి మరో గొప్ప తలుపు 1969లో తెరుచుకుంది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జో మెకార్డ్, ఇర్విన్ ఫ్రిడొవిచ్, రాగీ జింకూ ఉన్న ఒక రక్తప్రొటీన్ చేసే పని కనిపెట్టారు. కణాల్లో పుట్టే సూపరాక్సైడ్ అనే దుడుకు ఆక్సిజన్‌ను అది అణచివేస్తుంది. అదే సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్. 1974లో మెకార్డ్, సూపరాక్సైడ్ కీలు మధ్య ఉండే జిగురు ద్రవాన్ని పలచబరుస్తుందని, ఈ ఎంజైము దాన్ని కాపాడుతుందని చూపించాడు. ఎద్దుల నుంచి తీసిన ఈ ఎంజైమును ఆర్గోటీన్ పేరుతో మోకాళ్లలోకి ఎక్కించారు, గుర్రాలకూ వాడారు. మందుగా అది నిలవలేదు. కానీ సూక్ష్మ ఖనిజాల అసలు చోటు రక్తద్రవం కాదు, ఎంజైముల నడిబొడ్డు అని వైద్యులకు నేర్పింది ఈ పనే.

మరి రాగి కడియం? 1976లో ఆస్ట్రేలియాలో వాకర్, కీట్స్, కడియం తొడుక్కున్నవారి కడియాల బరువు నెలకు కొన్ని మిల్లీగ్రాములు తరుగుతోందని తూచి, చెమటలో కరిగిన రాగి చర్మం గుండా లోపలికి వెళ్తోందేమో అన్నారు. ఆ ఊహ నలభై ఏళ్లు ప్రచారంలో తిరిగింది. ఇంగ్లండ్‌లోని యార్క్‌లో స్టూవర్ట్ రిచ్‌మండ్ బృందం కీళ్లవాతం ఉన్న 70 మందికి రాగి కడియం, అయస్కాంతపు పట్టీలు, శక్తి లేని నకళ్లు ఒక్కోటి ఐదు వారాల చొప్పున తొడిగించి, 2013లో ఫలితాలు ప్రచురించింది. నొప్పి, వాపు, రక్తపరీక్ష, దేనిలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. కడియం పెట్టుకుంటే హాని లేదు. కడియం మీద నమ్మకంతో డాక్టరు దగ్గరకు వెళ్లడం ఏడాది వాయిదా వేస్తే మాత్రం చాలా హాని ఉంది.

జింక్ కథలో మొదటి పేరు మన దేశపువాడిది. బిహార్‌లో పుట్టిన ఆనంద ప్రసాద్ ఇరాన్‌లోని షిరాజ్‌లో ఎదుగుదల ఆగిపోయి, ఇరవై ఏళ్లొచ్చినా పిల్లల్లా కనిపించే యువకులను చూసి 1961లో రాశాడు. తర్వాత ఈజిప్టులో అది జింక్ లోపమని నిరూపించాడు. మనుషులకు జింక్ లోపం రాదని అంతవరకూ పుస్తకాలు చెప్పేవి. ఆ ఉత్సాహంలోనే 1976లో సియాటిల్‌లో పీటర్ సిమ్‌కిన్, ఏ మందుకూ లొంగని కీళ్లవాతం ఉన్న 24 మందికి జింక్ సల్ఫేట్ 220 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు 12 వారాలు ఇచ్చాడు. వాపు, పొద్దుటి బిగుతు తగ్గాయి, నడక మెరుగైంది. లాన్సెట్‌లో అచ్చైన ఆ కొద్ది పేజీలు ఎన్నో ఆశలు రేపాయి. తర్వాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో ఆ గుణం నిలకడగా కనిపించలేదు.

పైగా అంత మోతాదు ఊరికే పోదు. ఆ మూడు మాత్రల్లో ఉన్న అసలు జింక్ రోజుకు 150 మిల్లీగ్రాములు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మగవాళ్లకు రోజుకు 17, ఆడవాళ్లకు 13.2 మిల్లీగ్రాములు చాలు. పేగు గోడలో జింక్ పేరుకుంటే రాగిని బంధించే ప్రొటీన్ పెరుగుతుంది, రాగి లోపలికి రాదు. నెలల తరబడి అలా సాగితే రక్తం తగ్గుతుంది, తెల్లకణాలు పడిపోతాయి, వెన్నుపాము దెబ్బతిని నడక తూలుతుంది. విల్సన్ జబ్బుకు జింక్ మందైంది కూడా ఈ గుణం వల్లే. షాపులో దొరికే మాత్ర కదా అని ఏళ్లు మింగేవారికి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

రక్తంలో జింక్ ఎందుకు తగ్గింది? 1970ల మొదట్లో అమెరికాలో కాంప్‌ష్మిట్, పెకరెక్, బైసెల్ వంటివారు తెల్లకణాలు విడిచే ఒక పదార్థాన్ని ఎలుకలకు ఎక్కించారు. గంటల్లో రక్తంలో జింక్, ఇనుము దిగాయి. రాగి ఆ తర్వాత మెల్లగా ఎక్కింది. ఆ పదార్థమే తర్వాత ఇంటర్‌ల్యూకిన్-1గా తేలింది. 2005లో ఫ్లోరిడాలో రాబర్ట్ కజిన్స్ బృందం, అదే కోవకు చెందిన ఇంటర్‌ల్యూకిన్-6 కాలేయ కణాల మీద జింక్‌ను లోపలికి లాగే జిప్-14 అనే ద్వారాన్ని పెంచుతుందని చూపించింది. జింక్ ఒంట్లోంచి పోలేదు, రక్తం వదిలి కాలేయంలో చేరింది. వాచిన కీలులోనూ ఇదే పని జరుగుతుంది. అక్కడ పోగైన తెల్లకణాలు కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్‌ను గుమ్మరిస్తాయి. అది జింక్, మాంగనీస్ పట్టేసుకుని సూక్ష్మజీవులకు దొరకకుండా చేస్తుంది. క్రిమి లేకపోయినా కీలు క్రిమితో పోరాడుతున్నట్టే నడుచుకుంటుంది. మృదులాస్థిని కొరికి తినే కొలాజినేజ్ కూడా జింక్ ఎంజైమే. కీళ్లవాతపు పొర నుంచి దాన్ని 1967లోనే వేరుచేశారు. జింక్ పెంచాలా తగ్గించాలా అన్న ప్రశ్నకు అర్థం లేదని దీన్ని బట్టే తెలుస్తుంది. ఎక్కడి జింక్, ఎవరి చేతిలోని జింక్ అన్నదే ప్రశ్న.

అసలు ముడి విప్పింది ఇనుము. కీళ్లవాతం ఉన్నవారి ముఖాలు పాలిపోయి ఉంటాయని పాత వైద్యులకు తెలుసు. ఐరన్ మాత్రలు ఎన్ని ఇచ్చినా హిమోగ్లోబిన్ కదలదు. రక్తంలో ఇనుము లేదు, ఎముక మజ్జలోని భక్షక కణాల నిండా ఇనుము ఉంది. గాదె నిండా ధాన్యం ఉండి వంటింట్లోకి గింజ రాని ఇల్లులాంటిది ఆ శరీరం. తాళం ఎవరు వేశారో తెలియలేదు.

దీనికి తోడు వాచిన కీలు పొరలో కూడా ఇనుము పేరుకుని కనిపించింది. 1981లో బ్రిటన్‌లో డేవిడ్ బ్లేక్, బారీ హాలివెల్, జాన్ గటరిడ్జ్ తదితరులు, ఆ ఇనుమే విషపు ఆక్సిజన్‌ను పుట్టించి కీలును కాలుస్తోందేమోనని లాన్సెట్‌లో రాశారు. నరం గుండా ఇనుము ఎక్కించిన రోగుల్లో కొందరికి కీళ్లు భగ్గుమనడం అంతకుముందే చూశారు. అయితే ఇనుమును లాగేద్దాం అని తలసేమియా పిల్లలకు ఇచ్చే డెస్‌ఫెరియాక్సమైన్‌ను కొద్దిమంది కీళ్లరోగులకు ఇచ్చారు. వాంతులు ఆపడానికి మరో మాత్ర కూడా ఇచ్చిన ఇద్దరు స్పృహ తప్పి రెండు మూడు రోజులు లేవలేదు. కొందరికి చూపు దెబ్బతింది. ఆ సంగతిని పరిశోధకులే 1985లో దాచకుండా ప్రచురించారు. ఒంట్లో ఇనుము ఎక్కువ లేని మనిషి నుంచి ఇనుము లాగితే మెదడుకే దెబ్బ తగలవచ్చని ఆ ప్రచురణ వల్ల అందరికీ తెలిసింది. శాస్త్రంలో నాకు గౌరవం కలిగించే పని ఇదే.

తాళం 2000, 2001లలో దొరికింది. జర్మనీలో ఒక బృందం, కాలిఫోర్నియాలో టోమస్ గాంజ్ బృందం విడివిడిగా కాలేయంలో తయారయ్యే 25 అమైనో ఆమ్లాల చిన్న హార్మోనును కనిపెట్టాయి. అదే హెప్సిడిన్. కణాల నుంచి ఇనుము రక్తంలోకి వెళ్లే ఏకైక ద్వారం ఫెరోపోర్టిన్. హెప్సిడిన్ దాన్ని మూసేస్తుంది. పేగులో ఇనుము లోపలికి రాదు, భక్షక కణాల్లోది బయటికి పోదు. 2004లో ఎలిజబెటా నెమెత్, గాంజ్, ఆరోగ్యవంతులకు ఇంటర్‌ల్యూకిన్-6 ఎక్కిస్తే కొన్ని గంటల్లోనే హెప్సిడిన్ పెరిగి, రక్తంలో ఇనుము పడిపోయిందని చూపించారు. హైల్‌మాయర్ 1941లో కొలిచిన అంకెకు కారణం అప్పటికి తెలిసింది. ఇంటర్‌ల్యూకిన్-6 మీద జపాన్‌లో తడామిత్సు కిషిమోతో ఏళ్ల తరబడి చేసిన పని నుంచి టోసిలిజుమాబ్ అనే మందు వచ్చి, అక్కడ 2008లో కీళ్లవాతానికి అనుమతి పొందింది. దాన్ని వాడిన రోగులకు కీళ్ల వాపుతోపాటు హెప్సిడిన్ తగ్గి, ఐరన్ మాత్ర ఇవ్వకుండానే హిమోగ్లోబిన్ పెరిగింది. ఇనుము తక్కువై జబ్బు రాలేదని, జబ్బు వల్లే ఇనుము కదలకుండా పోయిందని ఇంతకన్నా గట్టిగా చెప్పే సాక్ష్యం ఉండదు.

సెలీనియం సంగతి త్వరగా చెప్పవచ్చు. డెన్మార్క్‌లో 1985లో తీవ్రమైన కీళ్లవాతం ఉన్నవారిలో అది తక్కువగా ఉందని చూశారు. సెలీనియం నింపిన ఈస్ట్ ఆరునెలలు ఇచ్చి చూస్తే గుణం లేదు. 2001లో వచ్చిన మరో పరీక్షలో మందు జట్టుకూ ఉత్త మాత్రల జట్టుకూ తేడా కనిపించలేదు. కానీ ఈ ఖనిజమే బంగారం గుట్టును కొంత విప్పింది. సెలీనియం ఉన్న ఎంజైముల్లో థయోరెడాక్సిన్ రిడక్టేజ్ ఒకటి. బంగారానికి సెలీనియం అంటే అమితమైన పట్టు. 1985లో అమెరికాలో అనుమతి పొందిన బంగారు మాత్ర ఆరనోఫిన్ ఈ ఎంజైములోని సెలీనియంకే అతుక్కుని దాన్ని ఆపేస్తుంది. ఫోరెస్టియే రోగుల ఒంట్లో జరిగినదాంట్లో ఇదీ ఒక భాగమై ఉండాలి.

ఖనిజాలు కీళ్లను చెడగొట్టవని దీన్ని బట్టి అనుకోకూడదు. చైనాలో సెలీనియం లేని నేలల్లో పిల్లల కీళ్లు మందమై, చేతులు పొట్టివవుతాయి. అది కాషిన్-బెక్ జబ్బు. మన దగ్గరకే వస్తే ఫ్లోరైడ్ ఉంది. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో వెన్ను బిగుసుకుపోయిన రైతులను చూసి 1937లో షార్ట్, ఆయన సహచరులు నీటిలోని ఫ్లోరైడ్ తెచ్చే ఈ జబ్బును మన దేశంలో తొలిసారి వివరంగా రాశారు. ఆ తర్వాత నల్లగొండ పేరు దీనికి గుర్తైపోయింది. 1973లో జాతీయ పోషకాహార సంస్థలో కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో కొత్తగా కుర్రవాళ్ల మోకాళ్లు లోపలికి వంగిపోతున్న సంగతి లాన్సెట్‌లో రాశారు. జొన్న ముఖ్యాహారమైన కుటుంబాల్లో ఇది ఎక్కువ. అదే సంస్థలో దేవస్థలె, గోపాలన్ మరుసటి ఏడాది, మాలిబ్డినం ఎక్కువున్న జొన్న తింటే మూత్రంలో రాగి ఎక్కువగా పోతుందని చూపించారు. నీటిలో ఒక ఖనిజం, గింజలో మరొకటి, వాటి మధ్య నలిగిన రాగి. ఇవి కీళ్లవాతం కావు. ఇక్కడ మంట ముందు పుట్టలేదు, నేలా, నీళ్లూ ముందు చెడ్డాయి. ఇక్కడ ఖనిజాన్ని సరిచేస్తేనే జబ్బు ఆగుతుంది. కీళ్లనొప్పి అని వచ్చిన మనిషిని ఏ ఊరి నీళ్లు తాగుతున్నావు అని అడిగే డాక్టరు కావాలి మనకు.

బంగారాన్ని పక్కకు నెట్టింది చివరికి మన భీమవరంలో పుట్టిన మనిషి పనే. యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధన నడిపిస్తున్నప్పుడు ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ వెంటే ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే అమినాప్టెరిన్, మెతోట్రెక్సేట్ వచ్చాయి. లుకేమియా పిల్లలకు అమినాప్టెరిన్ ఇచ్చిన సిడ్నీ ఫార్బర్ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. 1951లో గబ్నర్ అమినాప్టెరిన్‌తో కీళ్లవాతం తగ్గడం చూసి రాస్తే, కార్టిసోన్ వెలుగులో ఎవరూ పట్టించుకోలేదు. 1985లో వైన్‌బ్లాట్ చేసిన పరీక్ష తర్వాతే లోకం తిరిగి చూసింది, 1988లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇవాళ ప్రపంచమంతటా కీళ్లవాతానికి మొదట రాసే మందు మెతోట్రెక్సేట్. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణాంతకం. దాని దుష్ఫలితాలు తగ్గడానికి తోడుగా ఇచ్చేది ఫోలిక్ ఆమ్లం. మందూ దానికి తోడూ రెండూ సుబ్బారావు గారి ప్రయోగశాల నుంచి వచ్చినవే. ఆ చీటీ రాసే తెలుగు డాక్టర్లలో, మింగే తెలుగు రోగుల్లో ఎందరికి ఈ సంగతి తెలుసు? ఇక బంగారం సంగతి: ఫోరెస్టియే ఫలితాలు ప్రకటించిన తొంభై ఏళ్ల తర్వాత, 2019లో బంగారు సూది మందు తయారీ ఆగిపోయింది.

మరి రక్తంలో లోహాల లెక్క ఇప్పుడు ఎందుకు? మన రాష్ట్రాల్లో ఆ లెక్క సరిగా చదవడం ఇంకా అవసరం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ దానికి కాస్త పైనే ఉన్నాయి. కీళ్లవాతం మగవాళ్ల కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువగా వచ్చేది కూడా ఆడవాళ్లకే. పొద్దున్నే వేళ్లు ముడవలేక, నీరసంగా ఉందని వచ్చిన నలభై ఏళ్ల అమ్మకు హిమోగ్లోబిన్ 9 ఉంటే, అది నిజంగా ఇనుము లేక కావచ్చు. నొప్పి మాత్రలు మింగి మింగి కడుపులో రక్తం కారుతూ ఉండవచ్చు. లేదా హెప్సిడిన్ వేసిన తాళం కావచ్చు. రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు. ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ ఒక్కటే చూస్తే చాలదు, ఇన్‌ఫ్లమేషన్‌లో అది తనంతట తానే పెరుగుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో, ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో ఫెరిటిన్ 15 లోపు ఉంటే లోపమని, ఇన్‌ఫ్లమేషన్ ఉన్నవారిలో 70 లోపు ఉన్నా లోపాన్ని అనుమానించాలని చెప్పింది. ఇన్‌ఫ్లమేషన్‌ను చూపే సీఆర్‌పీ, రక్తంలో తిరిగే ఇనుమును చూపే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ దానితో కలిపి చదవాలి. ఫెరిటిన్ తక్కువగా ఉన్న మొదటి రకం రోగికి ఐరన్ కావాలి, కడుపులో పుండు వెతకాలి. ఫెరిటిన్ వందలు దాటి, సీఆర్‌పీ ఎక్కువగా ఉన్న రెండో రకం రోగికి కావలసింది మెతోట్రెక్సేట్. ఆమెకు ఐరన్ మాత్రలు మార్చి మార్చి ఇస్తూ ఏడాది గడిపితే ఆ ఏడాదిలోనే మణికట్టు ఎముకలు అరగడం మొదలవుతుంది.